పాత చీరల తాడు

మా పెద్దమ్మ పోయిన కబురు కదిరి బస్సు కండక్టరు తెచ్చాడు. అనంతపురంలో మా బడి గేటు దగ్గర నిలబడి, టోపీ తీసి చంకలో పెట్టుకుని, "టీచరమ్మా, మీ పెద్దమ్మ పొద్దున పోయిందంట. మీ అన్న చెప్పి పంపినాడు. సాయంత్రం మట్టి చేస్తారంట, బిన్నా రావల్లంట" అన్నాడు.

ఏడుపు రాలేదు నాకు. భయం వేసింది. ఇద్దరు పిల్లల తల్లిని, నలభై మంది పిల్లలకు పాఠం చెప్పేదాన్ని, చిన్నపిల్లలా గేటు ఊచ పట్టుకుని వదల్లేకపోయాను. పైనుంచి వినిపించే మాట ఆగిపోతే ఎలా ఉంటుందో నాకు ఒకసారి తెలిసొచ్చింది. ఆ సంగతి చెప్పాలంటే మీకు ముందు మా పెద్దమ్మ ఇల్లు చూపించాలి.

నల్లమాడ దగ్గర ఒక చిన్న ఊరు. మా అమ్మ పోయాక మా నాయన నన్ను తెచ్చి, అమ్మ వాళ్ళ అక్క గడపలో కూర్చోబెట్టి, కూలి పనికి బళ్ళారి వైపు వెళ్ళిపోయాడు. అప్పటికే ఆ ఇంట్లో ఎనిమిది మంది పిల్లలు. పెద్దమ్మ, పెద్దనాయన ఇద్దరూ కూలికి పోతేగాని పొయ్యి రాజదు. కరువులో అధికమాసం అంటారే, అలా వచ్చి పడ్డాను నేను. పెద్దమ్మ నన్ను ఎగాదిగా చూసి, "దీనికి చిన్నదాని పాత పావడా సరిపోతాదిలే" అంది. అదే నాకు స్వాగతం.

ఆ ఇంట్లో చీరకు చావు ఉండేది కాదు, వేషాలు మారడమే. పెద్దమ్మ కట్టి కట్టి చిరిగిన చీర అక్కకు ఓణీ అయ్యేది, ఓణీ చంటివాడికి ఉయ్యాల అయ్యేది, ఉయ్యాల బొంతలోకి పోయేది, బొంతలో మిగిలిన పేలిక దీపంలో వత్తిగా వెలిగేది. పొయ్యిలోకి శెనక్కాయల పొట్టు. గిన్నెలకు ఆ పొయ్యిలో బూడిదే. ఆదివారం ఏసు గుడి నుంచి వచ్చాక ఒక్క కోడిగుడ్డు పగలగొట్టి, దాంట్లో శెనగపిండి, ఎర్రగడ్డలు కలిపి, నీళ్ళు పోసి ఉడికించి పదకొండు మందికి కూర చేసేది. అందులో గుడ్డు ఎక్కడుందో ఆ పెట్టిన కోడికే తెలియాలి. అయినా "ఈ పొద్దు మా ఇంట్లో గుడ్డు కూర" అని వీధంతా చాటుకునేవాళ్ళం. మా స్నానాలన్నీ గుమ్మడి పాదు పక్కన బండ మీదే. వరసలో నిలబడితే చెంబుతో పోసేది, మా ఒంటి మీది మట్టితో సహా నీళ్ళు పాదులోకి పోయేవి. "మీకేమప్పా, మీరు పోసుకుంటాండారు, అది తాగతాండాది, రేపు మళ్ళా మీరే దాన్ని తింటారు" అనేది. పారేసేది ఏదైనా ఉంటే ముందు తనకు చూపించి పారేయమనేది. చూపిస్తే ఇక పారేయడం ఉండేది కాదు.

ఊరి ఆడవాళ్ళు ఆమెను పిసినారి అనుకునేవారు. పొదుపరి అని అయ్యగారు గుడిలో మెచ్చుకునేవారు. రెండూ కాదని నా నమ్మకం. ఆమెకు భయం. పొద్దున లేవగానే గింజల కుండలో చెయ్యి పెట్టి చూసేది. గింజ తగలడానికి చెయ్యి మోచేతి దాకా పోతే ఆ రోజు మాతో నవ్వుతూ మాట్లాడేది. భుజం దాకా పోయిన రోజు ఎవరితోనూ మాట్లాడేది కాదు. మేము కళ్ళు నులుముకుంటూ ముందు ఆమె చెయ్యి ఎంత లోతుకు పోయిందో చూసేవాళ్ళం. అందరికంటే నాకే ఎక్కువ గుబులు, ఎందుకంటే ఆ కుండలో నా పేర పోసిన గింజ ఒక్కటీ లేదు.

కొత్త రాష్ట్రం వచ్చిన కొన్నాళ్ళకు పెద్ద కరువు పట్టింది. పెద్దనాయన, పెద్దన్నలు పని వెతుక్కుంటూ కన్నడ సీమకు పోయారు. ఊళ్ళో బావి అడుగంటింది. కడవ దింపితే రాతికి తగిలి టంగుమనేదే గాని మునిగేది కాదు. అడుగున బండ సందులో మాత్రం ఊట ఉంది. ఎవరైనా దిగి టెంకాయ చిప్పతో తోడి పోస్తే కడవ నిండుతుంది. పెద్దవాళ్ళు దిగితే లాగేవాళ్ళు లేరు, మగవాళ్ళంతా వలస పోయారు. అందుకని ఇంటికొక పిల్లను గంపలో కూర్చోబెట్టి దించడం మొదలైంది.

మా ఇంట్లో ఆ పిల్లను నేను.

మా నార తాడు అప్పటికే పుచ్చిపోయింది. కొత్తది కొనే స్తోమత లేదు. పెద్దమ్మ బొంతలు విప్పి, పాత చీరలన్నీ నిలువునా చీల్చి, మూడు రోజులు అరుగు మీద కూర్చుని తాడు పేనింది. ఎరుపు, నీలం, పసుపు పేలికలు. అంత అందమైన తాడు నేను ఇంకెక్కడా చూడలేదు. నేను అంతగా భయపడిన తాడు కూడా ఇంకోటి లేదు. మనం నిన్నటిదాకా కప్పుకుని పడుకున్న గుడ్డ మనల్ని ఎంతసేపు మోస్తుంది, చెప్పండి?

గంప కిందికి కదిలేది. గోడ రాళ్ళు పక్కనే రాసుకుంటూ పైకి పోతుండేవి. కింద తేళ్ళు ఉంటాయని అన్నలు చెప్పారు. అన్నిటికంటే భయం అది కాదు. నేను అడుగుకు దిగాక గంప పైకి పోయేది, అందులో కడవ పెట్టి మళ్ళీ దించేవారు. నేను చిప్పతో తోడి నింపాక కడవను పైకి లాగేవారు. ఉన్నది ఒక్కటే తాడు. కడవ పైకి పోతున్నంతసేపూ నాకు తాడు లేదు. బావి అడుగున నేను, పైన పళ్ళెమంత ఆకాశం. తాడు మళ్ళీ కిందికి రాకపోతే?

అప్పుడు పైనుంచి పెద్దమ్మ మాట వినబడేది. ఆగకుండా మాట్లాడేది.

"ఈడనే ఉండా పాపా. కడవ వచ్చేసింది. ఈ నీళ్ళతో ముందు సంగటికి ఎసురు పెడతా. కొర్రలు కడిగిన నీళ్ళు పారబోయను, గొడ్డుకు పెడతా. చంటోడి మూతి కడిగి ఆ నీళ్ళు పాదుకు పోస్తా. ఈడనే ఉండా. ఇదో, గంప దించుతాండా. ఈడనే ఉండా."

రోజూ అవే మాటలు. అవి వింటుంటే కిందున్న నాకు పైనున్న ఇల్లు కనిపించేది. పొయ్యి, పాదు, చంటోడి మూతి. ఆ మాటలు పట్టుకుని నిలబడేదాన్ని.

కాని నా మనసులో ఇంకో ముల్లు ఉండేది. పెద్దమ్మ ఆఖరి కూతురు, నేను చిన్నక్క అని పిలిచేదాన్ని, నాకంటే కొన్ని నెలలే పెద్దది. నా అంత బక్కదే. చింతచెట్టు చిటారు కొమ్మ మీద రెండు చేతులూ వదిలేసి నవ్వే మొండిది. నేను దిగుతా, నేను దిగుతా అని పోరు పెట్టేది. పెద్దమ్మ ఒక్కసారి కూడా దించలేదు. నన్నే దించేది. ఎందుకో నాకు తెలుసు అనుకున్నాను. తాడు తెగితే పోయేది చెల్లెలి కూతురే కదా.

ఒకరోజు కడవ పైకి పోయింది, గంప వచ్చింది, నేను ఎక్కాను. సగం దూరం లేచాక మాట ఆగిపోయింది. గంప ఆగింది. ఆగి, ఒక్క కుదుపుతో మూరెడు కిందికి జారింది. నా మొహం మీద మట్టి, నూలు పోగులు రాలాయి. నీలం పోగులు. పైకి చూస్తే కళ్ళలో మట్టి పడి ఏమీ కనబడలేదు. "పెద్దమ్మా" అన్నాను. జవాబు లేదు. ఎంతసేపో చెప్పలేను. ఆ మౌనంలో నేను చచ్చి బతికాను అంటే ఊరికే అనడం లేదు.

తర్వాత ఆయాసపడుతూ ఒక గొంతు. "పాపా. ఈడనే ఉండా. గోడకు కాలు పెట్టు. రాయి అందిందా? తాడు మటుకు వదలొద్దు."

గంప మెల్లగా లేచింది. పైకొచ్చి చూస్తే పెద్దమ్మ నడుము దాకా బావిలోకి వంగి ఉంది. చిన్నక్క, ఇంకో అక్క ఆమె కాళ్ళ మీద కూర్చుని ఉన్నారు. బావి మీది దూలానికి ఒరుసుకుని తాడు చీలిందట. చీలిన చోటుకు కిందగా ఆమె రెండు చేతులూ చాపి పట్టుకుంది. అరచేతుల్లో తోలు లేదు.

నేను నేల మీద పడి నోటికొచ్చినట్టు అరిచాను. "నేను నీ కూతురు కాననేగా నన్ను దింపుతావు! చిన్నక్కను దింపవేం? దానికైతే భయం కూడా లేదు!"

పెద్దమ్మ కొట్టలేదు. గసపోసుకుంటూ కూర్చుంది. తర్వాత అంది:

"భయం లేదు గనకనే దాన్ని దింపను మే. అది కొమ్మ మీదే చేతులు వదిలేస్తాది, బాయిలో వదలదా? భయం లేని బిడ్డను బాయిలోకి దింపకూడదు. నీది భయపడే చెయ్యి. భయపడే చెయ్యి తాడు వదలదు. నాకు తెల్సు. నాదీ అట్లాంటి చెయ్యే."

ఆ తర్వాత ఆమె చేసిన పని నాకు ఈనాటికీ నమ్మశక్యం కాదు. అప్పుడే పైకొచ్చిన కడవ, తాగే నీళ్ళు, అందులోంచి చెంబు నిండా ముంచి, ఆ తోలు ఊడిన చేతులతోనే నా నెత్తిన పోసింది. దగ్గర్లో పాదు లేదు, కింద గంగాళం లేదు. చెంబెడు నీళ్ళు ఊరికే నేలలో ఇంకిపోయాయి. చిన్నక్క నోరు తెరిచి చూస్తూ ఉండిపోయింది.

మర్నాడు పెద్దమ్మ పెట్టె తీసింది. క్రిస్మస్‌కు మాత్రమే కట్టే ఎర్ర చీర ఒక్కటి ఉండేది. దాన్ని నిలువునా చీల్చి తాడు చీలిన చోట కలిపి పేనింది. ఆ ఏడాది పండక్కి కూలి చీరతోనే గుడికి వచ్చింది. వానలు పడేదాకా నేను బావిలోకి దిగుతూనే ఉన్నాను. భయం పోయిందా అంటే పోలేదు. భయపడడం ఒక పనికొచ్చే గుణం అని తెలిసింది, అంతే.

ఆ చేతులే తర్వాత నన్ను చదివించాయి. ఎనిమిది మందిలో ఎవరి పళ్ళెంలోంచి తీసి నా ఫీజు కట్టిందో నేను అడగలేదు. పోయిన ఏడు అనంతపురంలో మా ఇంటికి వచ్చింది. వీధి కొళాయి కారుతుంటే చూసి ఇంట్లో కాలు నిలవలేదు. చెంబు తెచ్చి కింద పెట్టి, పక్కనే గొంతుక్కూర్చుంది. బిందెలతో వచ్చిన ఆడవాళ్ళను, "ఇన్ని నీళ్ళు ఊరికే పోతాంటే మీకు భయం కాదా మే?" అని అడిగింది. వాళ్ళు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. చెంబు నిండగానే నేనే ఇంకో చెంబు అందించాను.

నేను ఊరు చేరేసరికి శవపెట్టె మూసేశారు. సమాధుల తోటకు అందరితో పాటు నడిచాను. గొయ్యి చూడగానే కాళ్ళు ఆగిపోయాయి. ఇప్పటికీ నేను బావి దగ్గరికి పోను, తొంగి చూడను. గొయ్యిలో ఎర్రమట్టి కింద తెల్ల సుద్ద, ఆ కింద చీకటి. అయ్యగారు ప్రార్థన చేశారు. పెట్టె దించడానికి పెద్దన్న రెండు తాళ్ళు తెచ్చాడు. ఒకటి నార తాడు. రెండోదాన్ని చూడగానే గుర్తుపట్టాను. నీలం, పసుపు, నడుమ ఎరుపు. మా ఇంట్లో ఏదీ పారేయరు కదా.

"అన్నా, అది పాతదైపోయింది. తెగుతాది" అన్నాను.

"అమ్మ పేనింది. తెగదు" అన్నాడు పెద్దన్న.

పెట్టె దిగుతుంటే నా రెండు చేతులూ ఖాళీగానే ఉన్నా పిడికిళ్ళు బిగుసుకుపోయాయి. తెగలేదు. పెట్టె అడుగుకు ఆనిన చప్పుడు వినిపించింది. అప్పుడు పెట్టె దించిన నలుగురూ తాళ్ళు పైకి లాగేశారు. రంగుల తాడు మట్టి రాలుస్తూ పైకొచ్చింది.

ఈ తాడు ఇక మళ్ళీ కిందికి పోదు. తాడు పైకి పోయాక అడుగున ఒంటరిగా ఉండడం ఎలా ఉంటుందో అక్కడున్న అందరిలో నాకొక్కదానికే తెలుసు. ఒకప్పుడు చింతకొమ్మ మీద చేతులు వదిలేసిన చిన్నక్క దూరంగా నిలబడి కొంగు నోట్లో కుక్కుకుంది. నేను గొయ్యి అంచుకు పోయి మోకాళ్ళ మీద వంగాను.

"ఈడనే ఉండా పెద్దమ్మా" అన్నాను. "పక్కింటోళ్ళు ఎసురు పెట్టినారు. బియ్యం కడిగిన నీళ్ళు పారబోయలేదు, గొడ్డుకు పెట్టినారు. గుమ్మడి పాదుకు నీళ్ళు పోసినాం. పిల్లోళ్ళంతా తింటారు. ఈడనే ఉండా."

అయ్యగారు తలెత్తి చూశారు. ఎవరూ నన్ను ఆపలేదు. మట్టి పడుతూ ఉంది. నేను అవే మాటలు మొదటినుంచి మళ్ళీ చెప్పాను, మళ్ళీ చెప్పాను. గొయ్యి పూడి నేల సమం అయ్యేదాకా చెబుతూనే ఉన్నాను. ఆపితే పెద్దమ్మకు భయమేస్తుంది.