బోనస్ షేర్లతో ఎగిరిపోయిన చర్చి కప్పు

పెళ్లికి పందిరి వేయించుకునే పెళ్లికొడుకులను మీరు చాలామందిని చూసి ఉంటారు. ఉన్న కప్పును ఊడదీయించుకున్నవాణ్ని చూడాలంటే మాత్రం మా ఖానాపూర్ దాకా రావాలి. వచ్చి ఎవరినీ అడగక్కర్లేదు, ఆ ఘనుణ్ని నేనే.

అప్పుడు నేను కొత్తగా బీకాం పాసై, మా చర్చికి కోశాధికారినయ్యాను. చనిపోయిన రూతమ్మ టీచరు తన షేర్లను చర్చికి రాసిచ్చి, వాటిని ఎన్నడూ అమ్మొద్దని, వాటి మీద వచ్చే డబ్బు మాత్రం వాడుకోమని షరతు పెట్టింది. ఆ ఏడు కంపెనీ డివిడెండును నగదుగా ఇవ్వకుండా, ప్రతి షేరుకు ఇంకో షేరు బోనస్‌గా ఇచ్చింది. మా కోతల పండుగకు ఎవరు గుమ్మడికాయ తెచ్చినా, కోడిని తెచ్చినా సాయంత్రానికల్లా వేలం వేసి డబ్బు చేస్తాం. ఆ అలవాటు కొద్దీ బోనస్ షేర్లకూ ధర కట్టి, నగదు నివేదికలో 'వచ్చిన డబ్బు' కింద రాసిపారేశాను. ఆదివారం ఆరాధన అయ్యాక గొంతు సవరించుకుని అందరి ముందూ చదివాను కూడా.

"ఇంత పైస ఉన్నంక, గీ కారే పెంకుల కింద ఇంకెందుకు కూసోవాలె?" అన్నారు పాస్టరయ్య. "నీ లగ్గం నాటికి కొత్త రేకులు వేయిద్దాం ప్రభాకర్."

నేను సిగ్గుపడ్డాను. సిగ్గుపడే బదులు బ్యాంకుకు పోయి ఉంటే బతికిపోయేవాణ్ని. పెంకులన్నీ దింపేశాక, రేకులు కొనడానికని పోయి చూస్తే ఖాతాలో చిల్లర తప్ప ఏమీ లేదు. పరేషాన్ అయి కరీంనగర్‌లోని మా ఆడిటరుకు ఫోన్ చేశాను.

"సార్, కంపెనీ పైసలు ఇంకా పడలే."

"పడయి తమ్మీ. బోనసంటే షేర్లు పెరుగుతయి గని చేతికి పైస రాదు. నగదు నివేదికల దానికి జాగనే లేదు. కావాలంటే కింద విడిగా ఒక మాట రాసుకో."

"నేను పైననే రాసిన సార్."

"రాస్తే కొట్టెయ్. ఏమైతది?"

"కప్పు తీసేసినం సార్!"



బోనస్ షేర్లు అమ్ముదామన్నా, అవీ టీచరమ్మ షేర్లకు పుట్టినవే గనక ఆమె షరతు అడ్డం. పెళ్లి దగ్గరపడింది, వానలూ దగ్గరపడ్డాయి. బొగ్గుగనిలో పనిచేసే మా మామ, అప్పటిదాకా చదువుకున్న అల్లుడని నన్ను గొప్పగా చెప్పుకున్న మనిషి, బొగ్గు లారీల మీద కప్పే టార్పాలిన్ తెచ్చి చర్చి గోడల మీద కట్టించాడు. తిట్టి ఉంటే నాకు కొంత నయంగా ఉండేది.

పెళ్లినాడు సరిగ్గా ప్రమాణాల వేళకు వాన అందుకుంది. టార్పాలిన్‌కు పట్టిన మసి నీళ్లలో కలిసి పెళ్లికూతురు మెర్సీ తెల్లచీర మీద నల్లటి చుక్కలుగా రాలసాగింది. ఆమె చీరను చూసుకుంది, తరువాత నన్ను చూసింది. ఈ పిల్ల ఇప్పుడు కాదన్నా తప్పు ఆమెది కాదనిపించింది.

"కలిమిలోను లేమిలోను ఇతనితో కాపురముండుటకు సమ్మతించుచున్నావా?" అని పాస్టరయ్య అడిగారు.

"లేమికైతే ఒప్పుకుంటున్న అయ్యగారూ," అంది మెర్సీ. "కలిమి వచ్చిందని ఈయన చెప్తే మాత్రం, బ్యాంకుకు పోయి చూసినంకనే."

వాన చప్పుడును మించి జనం నవ్వారు. పాస్టరయ్య మాత్రం నవ్వలేదు. నా వైపు తిరిగి, ఏ ప్రార్థన పుస్తకంలోనూ లేని ప్రమాణం ఒకటి మాట మాటకూ ఆగుతూ నాతో చెప్పించారు: "చేతికి రాని పైకమును వచ్చినదని ఇకమీదట వ్రాయనని, మరణము మమ్మును ఎడబాపు వరకు, దేవుని యెదుటను, తడిసిన ఈ జనుల యెదుటను ప్రమాణము చేయుచున్నాను."