దింపు రోజు ముద్ద

చెట్ల మీంచి కొబ్బరికాయలు కోయించే దింపు రోజున గదిలోకెళ్ళి తలుపేసుకుంటానని మా ఇంట్లో నాకు పొగరంటారు. ఈ ఉదయం కూడా మొదటి కాయ దబ్బున నేల మీద పడగానే లేచి లోపలికి వచ్చేశాను. "రాణిగారు డిగ్రీ చదివారు కదా, చెట్టెక్కేవాళ్ళ ముందు కూర్చుంటే అరిగిపోతారు" అంది అమ్మ.

పొగరు కాదు, భయం. చిన్నప్పుడు మీకూ ఇలా భయపెట్టే అన్నం తినిపించేవారా? అంచు సొట్టపడిన సత్తు పళ్ళెం, పప్పూ నెయ్యీ కలిపిన అన్నం నాకింకా గుర్తు. దొడ్లో కాయ పడ్డ ప్రతిసారీ అమ్మ "అదిగో సత్తిబాబు, తినకపోతే కత్తితో చెవులు కోసేస్తాడు" అనేది. నేను నోరు తెరిచేదాన్ని. పాపం, మా చెట్లెక్కి కాయలు కోసే ఆయన నన్నెప్పుడూ పల్లెత్తు మాట అనలేదు. కానీ చప్పుడునీ భయాన్నీ కలిపి ఏళ్ళ తరబడి తినిపిస్తే, తర్వాత చప్పుడొక్కటే చాలు. కాలేజీలో సైకాలజీ పాఠం ఇదే చెబుతుంటే నాకు ఆ పళ్ళెమే కనబడింది.

ఇవాళ కిటికీలోంచి చూస్తే, అమ్మ అదే మాట అన్నయ్య కూతురికి చెబుతోంది. మూడేళ్ళ పిల్ల రెండు చెవులూ మూసుకుంది. కింద కాయలు ఏరుతున్న సత్తిబాబుగారు "నా పేరు చెప్పి భయపెట్టకండమ్మా, నా మనవరాలిదీ ఈ ఈడేనండి" అన్నారు. అమ్మ నవ్వేసింది.

వచ్చే దింపుకి పాపకి అన్నం నేనే పెడతాను. మొదట అరుగు మీద, ఆ తర్వాతి దింపుకి ఇంకాస్త దగ్గరగా, చివరికి ఆయన పక్కనే కూర్చోబెట్టి. కాయ పడ్డప్పుడల్లా నేను ఉలిక్కిపడ్డా సరే, పళ్ళెం అమ్మకి ఇవ్వను.