గ్లాసు ముందు రూపాయి మాట

దుబాయ్‌లో నైఫ్ బజారు సందుల్లో ఎండ తెల్లగా కొడుతుంది. పెట్టెల దుకాణాలూ, దుప్పట్ల దుకాణాలూ, మొబైల్ కవర్లు అమ్మేవాళ్ళ కేకలూ దాటుకుంటూ వెళ్తే ఒక పాత హోటలు, దాని పక్కగా నల్ల అద్దాల తలుపు కనిపిస్తాయి. ఆ తలుపు తోసి లోపలికి అడుగు పెడితే చాలు, మిట్టమధ్యాహ్నం కాస్తా మునిమాపు అయిపోతుంది. కళ్ళకి కాసేపు ఏమీ ఆనదు. ముందు చల్లదనం తెలుస్తుంది, తరువాత మాటల గుసగుస, ఆ తరువాత మెల్లమెల్లగా బల్లలు, కుర్చీలు, గోడ మీద చప్పుడు లేకుండా సాగుతున్న క్రికెట్టు. పదేళ్ళకు పైగా ఆ తలుపు తోస్తున్నాను. ఇప్పటికీ ప్రతిసారీ ఎవరి నిద్రలోకో చెప్పకుండా వెళ్తున్నట్టే ఉంటుంది.

నేను షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక టైల్స్ గోడౌనుకి స్టోర్‌కీపర్ని. షార్జాలో మందు చుక్క దొరకదు. అందుకని నెలకొకసారి, జీతాలు పడ్డాక వచ్చే సెలవునాడు, దుబాయ్ బస్సెక్కి యూనియన్ స్టేషన్ దగ్గర దిగి ఇక్కడిదాకా నడిచి రావడం అలవాటు. మేం ముగ్గురం. ఒకడు నా బావ. చుట్టరికమేమీ లేదు. నాది నరసాపురం వైపు, అతనిది రాజోలు వైపు, మధ్యలో గోదావరి ఉంది కదా అని వరస కలిపేసుకున్నాం. షార్జా శివార్లలో సజ్జా లేబర్ క్యాంపులో ఉండే ప్లంబరు. ఇంకొకడు కడప భాయ్, నైఫ్‌లోనే పెట్టెల దుకాణంలో సేల్స్‌మన్. దుబాయ్ వదిలి పోయేవాళ్ళందరూ ఆఖరిసారి బేరమాడేది తనతోనేనని చెప్పుకుంటాడు.

భాయ్ తాగడు. నిమ్మకాయ సోడా ముందు పెట్టుకుని, నోరు కాలుతుందేమో అన్నంత నెమ్మదిగా చప్పరిస్తాడు. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు, నీకెందుకయ్యా ఈ అపకీర్తి అని నేను ఏడిపించేవాణ్ణి. తన గదిలో మంచాల మీద మంచాలున్నాయి కానీ కుర్చీ అన్నది లేదనీ, నెలకొక్కసారైనా వీపు ఆనించి కూర్చోడానికే వస్తున్నాననీ అతని జవాబు. ఆ సోడాకి వాళ్ళు వేసే రేటు చూస్తే నాకు ఒళ్ళు మండేది. అతను మాత్రం అది కుర్చీ అద్దె అనుకునేవాడు.

మొదటిసారి బావ నన్నక్కడికి తీసుకెళ్ళిన రోజు ఇంకా గుర్తుంది. మన దగ్గర బీరు పైంటంటే చిన్న సీసా కదా, అదే వస్తుందనుకున్నాను. నురగతో నిండిన ఇంత పొడవు గ్లాసు వచ్చి ముందు కూర్చుంది. బయటి నుంచి అద్దంలో వడకట్టిన వెలుగు దాని మీద పడి, లోపలంతా సాయంత్రపు రంగు. బుడగలు అడుగు నుంచి లేచి తొందర లేకుండా పైకి పోతున్నాయి. నేను ఏ దేశంలో ఉన్నానో కాసేపు మరిచిపోయాను. అంతలో మెనూ కార్డు కళ్ళబడింది. అంతే, నోరు ఊరుకోలేదు. దిర్హాంలని రూపాయల్లోకి తిప్పి, ఆ సొమ్ముకి మా ఇంట్లో ఎన్నాళ్ళు కూరగాయలొస్తాయో, గ్యాసు బండకి ఎంత తక్కువో పైకే చెప్పేశాను. చెప్పాక గుక్క మింగుడుపడలేదు. ఎదురుగా ఉన్న బావ ముఖం కూడా మారిపోయింది. అతనికీ ఇల్లుంది, అతనికీ గ్యాసు బండ ఉంది.

అప్పుడు పెట్టాడు రూలు. గ్లాసు ముందు కూర్చున్నాక రూపాయి మాట ఎత్తకూడదు. ఎవడెత్తితే ఆ పూట అందరి బిల్లూ వాడిదే. తాగడు గనక మత్తులో పక్షపాతం ఉండదని భాయ్‌ని జడ్జీని చేశాడు. ఆ రోజు ముగ్గురిదీ నేనే కట్టాను. రేటు వినగానే రూపాయల్లోకి తిప్పడం ఇక్కడి మనవాళ్ళందరికీ ఉన్న జబ్బే. అరటిపళ్ళు కొన్నా, జుట్టు కత్తిరించుకున్నా పెదవులు లోపల్లోపల కదులుతూనే ఉంటాయి. కానీ ఆ గదిలో ఆ మాట అంటే, చీకటి గదిలో ఒకడు నిద్రపోతుంటే కిటికీ తెరిచి ఎండ మొహాన పడేసినట్టే. నాకు తెలియకుండానే రెండు మూడు సార్లు నోరు జారి కట్టుకున్నాను. భాయ్ కూడా ఒకసారి దొరికాడు. బావ మాత్రం ఎప్పుడూ దొరకలేదు.

రూపాయి ఊసెత్తకుండా రేటు గురించి మాట్లాడుకోవడానికి మాత్రం అడ్డు లేదు. అదే మా కాలక్షేపం. ఈ గ్లాసుకి ఏది సబబైన ధర? గంట కష్టానికి ఒక గ్లాసు రావాలి, ఏ దేశమైనా అదే న్యాయం, ఇక్కడ సగం రోజు కష్టం గుటకలో పోతోంది, ఇది పట్టపగటి దోపిడీ అని బావ వాదన. రెండో గుక్క వేసేసరికి మనం మరిచిపోగలిగిన ధరే సబబు అని నేను. తాగనివాడికి ఏ ధరైనా అన్యాయమే అని భాయ్. ఏ నెలా తెగేది కాదు. హ్యాపీ అవర్ ముగిసి లైట్లు రంగు మార్చేదాకా ఆ వాదనలో తేలుతూ ఉండేవాళ్ళం. మధ్యలో ఎవరో ఒకరు మాట ఆపేసి గ్లాసు వైపు చూస్తూ ఉండిపోతారు. మిగతా ఇద్దరం లేపం.

బిల్లులు చుట్టచుట్టి చిన్న గ్లాసులో గుచ్చి తెస్తుంది అక్కడ పనిచేసే నేపాలీ అమ్మాయి. ఎవరిది వాళ్ళు కట్టుకోవాలి. బావకి ఇందులో పట్టింపు చాలా ఎక్కువ. అతని వాటాలో ఒక్క దిర్హాం మనం వేసినా వెంటపడి జేబులో కుక్కేవాడు. ఒకరి చేత తాగడం కన్నా నీళ్ళు తాగడం మేలు అనేవాడు. ఆ తిక్కకి విసుక్కున్న రోజులున్నాయి. అతనికి అది తిక్క కాదు, క్యాంపులో పదిమంది మధ్య బతికేవాడికి తనది అని చెప్పుకోడానికి మిగిలిన ఒకే ఒక్క వస్తువని తరువాత అర్థమైంది.

కరోనా వచ్చిన ఏడు ఆ తలుపుకి గొలుసు పడింది. మళ్ళీ తెరిచినప్పుడు బల్లలు దూరదూరంగా జరిగిపోయి ఉన్నాయి. మాస్కు కిందకి లాగి ఒక గుక్క, పైకి లాగి ఒక మాట. అరుచుకుంటే తప్ప వినబడకపోవడంతో ఆ నెలల్లో మాట్లాడ్డం మానేసి ఊరికే కూర్చునేవాళ్ళం. నాకైతే అవే హాయైన రోజులు. ఇద్దరు మనుషులు ఎక్కడో ఒడ్డున కూర్చుని ఉన్నారని తెలుస్తూనే మనం నీళ్ళలో వెల్లకిలా తేలుతున్నట్టుండేది. తరువాత ఒక కొత్త సంవత్సరం నాడు మందు మీద పన్ను తీసేశారన్నారు. బావ పెళ్ళికి వెళ్తున్నట్టు ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. మెనూ కార్డు తెరిస్తే పాత రేటే. ఆ పూటంతా అతను తాగిందానికన్నా తిట్టింది ఎక్కువ.

ఆ మరుసటి ఏడాది చివర్లో బావ రావడం మానేశాడు. ఒక నెల ఓవర్‌టైమ్ అన్నాడు, ఇంకో నెల జ్వరమన్నాడు. ఫోన్లో గొంతు బాగానే ఉండేది. ఒకరోజు గోడౌనులో ఉండగా భాయ్ ఫోన్ చేశాడు. బావ దుకాణానికి వచ్చాడట, తెలిసినవాళ్ళెవరూ ఉండని వేళ చూసుకుని. అన్నిటికన్నా పెద్ద పెట్టె బేరమాడి కొని, తరువాత తీసుకుపోతానని అక్కడే ఉంచాడట. అంత పెద్ద పెట్టె సెలవుకి పోయేవాళ్ళు కొనరు. భాయ్ గుచ్చి గుచ్చి అడిగితే చెప్పాడు. కంపెనీ మూతపడింది, వీసా క్యాన్సిల్ అయింది, ఖలాస్, వారంలో ప్రయాణం. నాకు చెప్పొద్దన్నాడట. నాకు దుఃఖం కన్నా ముందు కోపం వచ్చింది. వరస కలుపుకున్నప్పుడు లేని సిగ్గు ఇప్పుడెందుకు?

అతను చెప్పకపోవడానికి కారణం మా ఇద్దరికీ తెలుసు. ఇక్కడ ఫైనల్‌గా పోయేవాడు వెళ్ళేముందు స్నేహితులకి పార్టీ ఇచ్చి పోవాలి. అది రాయని చట్టం. ఉద్యోగం పోయి ఎన్నాళ్ళైందో తెలియదు. పార్టీ ఇవ్వలేడు, మా చేత తాగడు, కాబట్టి కనబడకుండా పోదామనుకున్నాడు. అలా పోనివ్వకూడదని నేను పట్టుబట్టాను. తాళం మార్చాలి, ఆదివారం వచ్చి పెట్టె తీసుకుపో అని భాయ్ చేత అబద్ధమాడించాను. నేను ముందే వెళ్ళి నేపాలీ అమ్మాయికి చెప్పి పెట్టాను, ఏమైనా సరే బిల్లు అతని చేతికి పోకూడదని.

ఆదివారం మధ్యాహ్నం దుకాణం ముందు నన్ను చూసి బావ ఒక్క క్షణం నిలబడిపోయాడు. తరువాత నవ్వాడు. మనిషి బాగా చిక్కిపోయాడు. ఖాళీ పెట్టె దొర్లించుకుంటూ మాతో పాటు నడిచి వచ్చాడు. నల్ల తలుపు తోశాం. ఎప్పటిలాగే కళ్ళకి ఏమీ ఆనలేదు. ఎప్పటి బల్లే దొరికింది. పెట్టెని నాలుగో కుర్చీ పక్కన నిలబెట్టాం. గ్లాసులు వచ్చాయి, సోడా వచ్చింది. నురగ తగ్గుతూ గ్లాసు అంచున పలచని గీతగా మిగలడం చూస్తూ కూర్చున్నాను. ఈ పూట ఇలాగే ఆగిపోతే బాగుండుననిపించింది. ఎయిర్‌పోర్టూ లేదు, గోడౌనూ లేదు, ముగ్గురం ఇలా ఉండిపోతాం, అంతే.

బావ ఒక గుక్క తాగి, మూతి తుడుచుకుని, గ్లాసు కేసి చూస్తూ అన్నాడు.

"బావా, ఈ గ్లాసు మన రూపాయల్లో ఏడొందలవుద్ది, తెలుసా?"

నాకు అర్థం కాలేదు. ఇన్నేళ్ళలో ఒక్కసారీ జారని నోరు. పాపం, మనసు చెదిరి జారిందనుకున్నాను. మొహం చూస్తే జారినట్టు లేదు. కళ్ళతో నవ్వుతున్నాడు. జేబులోంచి పర్సు తీసి బల్ల మీద పెట్టాడు, దాని మీద చెయ్యి పెట్టాడు. అప్పుడు తెలిసింది. చింత చచ్చినా పులుపు చావదంటే ఇదే.

ఇవాళ రూల్లేదు గీల్లేదు అని లేచాను. కేకలేశానేమో, పక్క బల్లవాళ్ళు తిరిగి చూశారు. నేనే కడతాను, ఇంక ఆ మాట ఎత్తితే ఊరుకోనన్నాను. బావ జడ్జీ వైపు చూశాడు. భాయ్ సోడాలో స్ట్రా తిప్పుతూ కూర్చున్నాడు. ఐసు ముక్కలు గ్లాసుకి తగిలి చప్పుడవుతోంది. నా పక్షాన మాట్లాడతాడని నాకు అనుమానం లేదు. మేమిద్దరం కలిసి వేసుకున్న ఎత్తే కదా.

"రూలంటే రూలే అబ్బా," అన్నాడు చివరికి. "ఆయప్ప కట్టాల్సిందే."

బావ కట్టాడు. నేపాలీ అమ్మాయి నా వైపు చూస్తే తల తిప్పుకున్నాను. ఆమెకీ కొంత ఇచ్చాడు. తరువాత కుర్చీలో వెనక్కి వాలి, మిగతా గ్లాసుని ఎంత నెమ్మదిగా తాగాడంటే, అంత సుఖంగా ఎవరైనా తాగడం నేను చూడలేదు. ఈ రేటు ఎంత అన్యాయమో మళ్ళీ మొదటి నుంచి మొదలెట్టాడు. నేను వినలేదు. నా గ్లాసు చేదుగా ఉంది.

అతన్ని సజ్జా వైపు పోయే బండి ఎక్కించాక భాయ్ మీద పడ్డాను. నీది గుండె కాదు, నువ్వమ్మే పెట్టెల్లాంటిదే, లోపల ఏమీ లేదన్నాను. ఇంకా చాలా అన్నాను. అంతా విని భాయ్ మెల్లగా చెప్పాడు.

"పెట్టె ఊరికే ఇస్తానంటే తీసుకోలే. నీ దగ్గర తీసుకుంటాడా? పార్టీ ఇచ్చి పోయినాడని ఉండనీలే అన్నా."

బస్సులో షార్జా దాకా కిటికీలోంచి దీపాలు పోతుంటే చూస్తూ కూర్చున్నాను. ఏది మెలకువో ఏది కాదో తెలియలేదు.

తీసేసిన పన్నుని కొత్త సంవత్సరం రాగానే మళ్ళీ వేశారు. పన్ను తీసినప్పుడు కదలని మెనూ కార్డు వేసినప్పుడు మాత్రం వెంటనే మారింది. భాయ్, నేను ఇప్పటికీ వెళ్తున్నాం. వాదించేవాడు లేక తొందరగా లేచిపోతున్నాం.

ఎండాకాలం మొదట్లో బావ ఫోన్ చేశాడు. గోడౌనులో టైల్స్ పెట్టెల మధ్య స్టూలు మీద కూర్చుని మాట్లాడాను. ఊళ్ళో ప్లంబింగ్ పనులు దొరుకుతున్నాయట, పర్వాలేదట. ఆ రోజే మందు దుకాణానికి వెళ్ళి బీరు తెచ్చుకున్నాడట. పెద్ద సీసా, చల్లగా ఉందన్నాడు.

"ఎనిమిది దిర్హాంలు తీసుకున్నాడు బావా."

అతను ఏమన్నాడో అతనికి తెలియలేదు. నేను ఎత్తి చూపలేదు. రాజోలులో నిలబడి మనిషి దిర్హాంల్లోకి తిప్పుకుంటున్నాడు. ఇన్నేళ్ళూ ఇక్కడ ఉండి అక్కడి లెక్క వేశాడు, ఇప్పుడు అక్కడ ఉండి ఇక్కడి లెక్క. కాసేపు వానల గురించీ, కొబ్బరి గురించీ చెప్పాడు. తరువాత, ఇప్పుడు మన దగ్గర గ్లాసు ఎంతుందని అడిగాడు. మన దగ్గర అంటే నైఫ్‌లో. పెరిగిన రేటు చెప్పి, తిట్లు మొదలవుతాయని ఫోను చెవికి కాస్త దూరం జరిపాను. ఎంతకీ మాట వినబడలేదు. కట్ అయిందేమోనని మళ్ళీ చెవికి ఆనించాను.

"సబబేలే బావా," అన్నాడు. "అది సబబే."

ఆ గ్లాసు గురించి అతని నోట ఆ మాట వినడం అదే మొదటిసారి. నాకు ఏడుపొచ్చింది.