అక్క గెలిచిన రక్తపరీక్షలు

మా అక్క జాకెట్లు కుడుతుంది. బావ స్కూలు బస్సు నడుపుతాడు. ఇద్దరికీ హెచ్ఐవీ ఉంది. ఎవరి నుంచి ఎవరికి వచ్చిందన్న తగువు మొదట్లో ఇల్లు పీకి పందిరేసింది. తర్వాత ఓపిక చచ్చి ఇద్దరూ వదిలేశారు. అయితే తగువు లేనిదే వాళ్ళకి ముద్ద దిగదు కనుక పందెం మొదలుపెట్టారు. రక్తపరీక్షలో రోగాన్ని ఎదిరించే కణాలు ఎవరికి ఎక్కువుంటే వాళ్ళు గెలిచినట్టు. ఓడినవాళ్ళు మళ్ళీ పరీక్ష దాకా అంట్లు తోమాలి.

ఇద్దరివీ ఒకే మాత్రలు. వైరస్ ఇద్దరి రక్తంలోనూ పరీక్షకి అందనంతగా అణిగిపోయింది. అయినా గెలుపు ప్రతిసారీ అక్కదే. బావ సిగరెట్లు మానేశాడు, పొద్దున్నే పరుగులు పెట్టాడు. ఊహూఁ. "ల్యాబువాళ్ళకి ఊరికే జాకెట్లు కుట్టిపెడుతున్నావు నువ్వు" అని సింకు దగ్గర గొణిగేవాడు. "మూకుడు అడుగు సరిగ్గా తోమండి" అనేది అక్క, కుర్చీలోంచి లేవకుండా.

ఆ లేవకపోవడమే నాకు అనుమానం తెప్పించింది. ఒకరోజు చూద్దును కదా, మేడ మీద మిషను దగ్గరికి వెళ్తూ సగం మెట్ల మీద కూలబడి రొప్పుతోంది.

"మీ బావకి చెప్పావంటే చూడు. నాకు ఆయాసమని తెలిస్తే పందెం చెల్లదంటాడు."

నాకు ఒళ్ళు మండింది. అంట్లకి భయపడి ఆయాసాన్ని దాచుకునే మనిషిని ఏమనాలి? తిన్నగా వెళ్ళి బావకి చెప్పేశాను. దాని మీద చాడీలు చెప్పడం నాకు చిన్నప్పటి నుంచీ సరదాయే.

డాక్టరమ్మ గుండె పరీక్షలు చేయించి ఇద్దర్నీ ఎదురుగా కూర్చోబెట్టింది. నేను వెనక నిలబడ్డాను.

"మందులు వైరస్‌ని అణిచాయి కానీ తరిమెయ్యలేదు. కణాల్లో నక్కి ఉంటుంది. ఆడవాళ్ళలో చాలామందికి ఒంట్లో రోగాన్ని ఎదిరించే కాపలా దాని మీద ఎక్కువగా ఎగబడుతుంది. కొంతవరకు మంచిదే. ఏళ్ళ తరబడి అలాగే ఉంటే గుండెకే ఎసరు పెడుతుంది. ఇక కణాల లెక్కంటావా, ఆడవాళ్ళకి మామూలుగానే కాస్త ఎక్కువ. అది గెలుపు కాదమ్మా."

"మరి ముందే ఎందుకు చెప్పలేదండీ?" అని అడిగింది అక్క.

"ఇన్నాళ్ళూ పరిశోధనలు ఎక్కువగా మగవాళ్ళ మీదే జరిగాయి."

"అంటే ఈయన కొలతలు తీసి నాకు జాకెట్టు కుట్టారన్నమాట" అంది అక్క.

డాక్టరమ్మకి నవ్వాగలేదు. గుండెకి మాత్రలు రాసి, కాస్త ఆలస్యమైనా జబ్బు ఇంకా చేతిలోనే ఉందని చెప్పింది.

బయట బెంచీ మీద అక్క బావని పొడిచింది. "ఇన్నేళ్ళూ దొంగ గెలుపులేనట. ఇంక ఎగిరి గంతెయ్యండి."

బావ నవ్వలేదు. చేతిరుమాలుతో మొహమంతా తుడుచుకున్నాడు. "నాకు గెలుపొద్దే. నువ్వు లేకపోతే నేనెవరితో పోట్లాడను?"

"సరే, ఇవాళ అంట్లు నేనే తోముతాను" అంది అక్క. అది ఓటమి ఒప్పుకోవడం నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. డాక్టరమ్మ ముందు కలగని భయం నాకు అప్పుడు కలిగింది.