పిలవని పండుగకు దారి వేసినవాడు

మిలోయ్‌కో బస్సు నడిపిన రోజుల్లో మా కొండదారిలో స్టాపులు పదకొండు. ఆయన ఆపే చోట్లు మాత్రం నలభై దాకా ఉండేవి. ఒక ముసలమ్మ తలగుడ్డ కట్టుకోవడం ఇంకా కాలేదని బస్సు ఆపేవాడు. ఎవరింట్లోనో జ్వరమంటే మందుచీటీ జేబులో పెట్టుకుని, సాయంత్రం ట్రిప్పులో మందు తెచ్చి గేటుకు తగిలించి పోయేవాడు. ఎక్కేవాళ్ళు లేక ఆ బస్సు ఆగిపోయినప్పుడు ఆయన ఏడవలేదు. ఒక నెల రోజులు ఇంటి ముందు బల్ల మీద కూర్చుని, పోయే ప్రతి ట్రాక్టరుకూ వంక పెట్టాడు. “చూడు జివాన్, చూడు. గేరు మార్చడం కూడా రాదు వెధవకి.”

జివాన్ అంటే నేనే. మా చర్చిలో గంటలు కొట్టి, కొవ్వొత్తులు సర్ది, విదాన్ ఫాదర్ వెంట ధూపం పట్టుకుని తిరిగేవాణ్ణి.

మిలోయ్‌కో వాళ్ళన్న కొడుకు గ్వోజ్డెన్ ఆ తర్వాత తొమ్మిది పెద్ద మోటార్‌సైకిళ్ళు తెచ్చాడు. ఒక్కొక్కటి గుర్రమంత ఎత్తు. పక్కన రెండు, వెనక ఒకటి ఇనుప పెట్టెలు. నాలాంటివాడు ఎక్కాలంటే ముక్కాలిపీట కావాలి. పై దేశాలవాళ్ళు వచ్చి వాటిని పది రోజులకు అద్దెకు తీసుకుని కొండల్లో తిరుగుతారు. వెంట దారి చూపే మనిషి ఉండడు. హ్యాండిల్ మీద చిన్న తెర, తెరలో నీలం గీత. గీత ఎటు పోతే వాళ్ళూ అటే. మరి ఆ గీత గీయడానికి ప్రతి మలుపూ ఎరిగినవాడు ఒకడు కావాలి కదా. అలా మిలోయ్‌కోకు మళ్ళీ పని దొరికింది. ఆయన తన పాత మోపెడ్ మీద ముందుగా పోయి దారి చూసొచ్చి చెబుతాడు, గ్వోజ్డెన్ దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కిస్తాడు.

అప్పటినుంచి మా వైపు ఒక వింత మొదలైంది. తిన్నగా పోవలసిన గీత ఒంటరి ముసలివాళ్ళు ఉన్న ఇంటి దగ్గరికి వచ్చేసరికి పాములా వంకర తిరిగేది. ‘ఇక్కడ నీళ్ళు చాలా బాగుంటాయి, తప్పక ఆగండి’ అని పక్కన రాసి ఉండేది. నీళ్ళు ఎక్కడైనా ఒకటే. కాని గేటు దగ్గర నాలుగు నెలలుగా మనిషి మొహం చూడని ముసలాయన ఒకడు చెంబుతో నిలబడి ఉండేవాడు.

“బాబాయ్, పోయిన జూన్‌లో ఆ హాలండ్ ఆయన రెండు రోజులు ఏమైపోయాడో తెలుసా నీకు?” అని గ్వోజ్డెన్ ఒకసారి నా ఎదుటే నిలదీశాడు.

“తెలీకేం? చెర్రీ తోటలో ఉన్నాడు.”

“చెట్టెక్కి చెర్రీలు కోశాడు! బండి అద్దెకు తీసుకున్న మనిషి!”

“తోట ముసలాయనకు నడుం పట్టేసిందిరా. చెట్టెవరెక్కుతారు మరి? అయినా ఆ హాలండ్ ఆయన నీకు అయిదు నక్షత్రాలు వేశాడా లేదా?”

వేశాడు. అందుకే గ్వోజ్డెన్ ఆ సంగతి అంతటితో వదిలాడు. కాని ఇంకోసారి గీత వంకర పోతే ఒప్పుకోనని గట్టిగా చెప్పాడు.

ఇక స్తానోయ్‌కా అవ్వ సంగతి. కొండ మీద రావ్నా అనే పల్లెలో ఇప్పుడు పొగ లేచే ఇల్లు ఆమెదొక్కటే. ఎనభై ఒక్క ఏళ్ళు. ఏప్రిల్‌లో ఒక ఆదివారం ప్రార్థన అయ్యాక విదాన్ ఫాదర్ దగ్గరికి వచ్చి మెల్లగా అంది.

“ఈ యేటికి కొవ్వొత్తి వెలిగిస్తాను ఫాదర్. ఎవరూ రాకపోతే పై యేడు మా ఇంటి పునీతుడి పటం తెచ్చి చర్చిలో ఇచ్చేస్తాను. పన్నెండు పళ్ళేలు పెట్టుకుని, నేనూ ఆ జార్జి మహానుభావుడూ ఒకరి మొహం ఒకరు చూస్తూ కూర్చోడానికి ఇక నాకు ఓపిక లేదు.”

మా దగ్గర ప్రతి ఇంటికీ ఒక పునీతుడు ఉంటాడు. తండ్రి నుంచి కొడుక్కి, ఇంటితో పాటే వస్తాడు. ఏడాదికొకసారి ఆయన రోజున కొవ్వొత్తి వెలిగించి, రొట్టె కోసి, వచ్చినవాళ్ళకు అన్నం పెడతారు. దాన్ని స్లావా అంటాం. పిలవని పేరంటానికి పోకూడదంటారు గాని, ఈ ఒక్క పేరంటానికీ పిలుపే ఉండదు. పిలిస్తే అది స్లావా కాదు, విందు. తలుపు తీసి ఉంచాలి, వచ్చినవాడు తనంతట తాను రావాలి.

చిక్కేమిటంటే, మా కొండల్లో మిగిలిన ఇళ్ళన్నిటికీ మే ఆరో తేదీనే పండుగ. అందరికీ జార్జే. అందరూ పల్లకీ ఎక్కితే మోసేదెవరు? ఎవరి ఇంట్లో వాళ్ళు అతిథుల కోసం కదలకుండా ఉండాలి. మిలోయ్‌కో కూడా అంతే. వెనకటికి స్తానోయ్‌కా ఇంటికి వేరే పునీతుల వాళ్ళు లోయ అవతల నుంచి వచ్చేవారు. వాళ్ళంతా ఇప్పుడు సమాధుల్లో ఉన్నారు.

మూడేళ్ళ క్రితం ఎవరో జాలిపడి ఇద్దరు కుర్రాళ్ళను పంపారు. అవ్వ వాళ్ళకు కడుపు నిండా పెట్టింది. గేటు దగ్గర మాత్రం, “మిమ్మల్ని పంపినాయనకు నా దణ్ణాలు చెప్పండి. మీరు లెక్కలోకి రారు నాయనా,” అని సాగనంపింది.

ఆ ఆదివారం ఇంటికి నడుస్తుంటే మిలోయ్‌కో నా మోచెయ్యి పట్టుకున్నాడు.

“పిలవకూడదు. పంపకూడదు. దారి వంచకూడదని ఎక్కడైనా రాసుందా జివాన్?”

“రాసిలేదు గాని, దేవుడికి తెలుస్తుంది.”

“ఆయనకు తెలిస్తే ఫర్వాలేదు. గ్వోజ్డెన్‌కు తెలియకూడదు.”

గ్వోజ్డెన్‌కు తెలిసింది. పండుగకు రెండు రోజుల ముందు తెర మీద గీత చూసుకుంటూ పట్టేశాడు. మే ఆరున బయలుదేరే ఐదుగురి గీత, వంతెన దగ్గర తారురోడ్డు వదిలి, పద్నాలుగు కిలోమీటర్లు కంకర మీద ఎక్కి, సరిగ్గా అవ్వ వాకిట్లోంచి పోతోంది. గీత చెరిపేశాడు. తిన్నగా తారు మీద గీశాడు.

“కోపమా బాబాయ్?”

“కోపమెందుకురా? బండ్లు నీవి, గీత నీది.”

తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాడు. మిలోయ్‌కో ఊరుకున్నాడంటే భయపడాలని గ్వోజ్డెన్‌కు ఇంకా తెలీదు. చిన్నవాడు.

పండుగ రోజు పొద్దున్నుంచీ నేనూ ఫాదరూ ఇల్లిల్లూ తిరిగి రొట్టెలు కోస్తున్నాం. ఆరో ఇల్లు అయ్యాక రావ్నాకు బయలుదేరాం. వంతెన దగ్గరికి వచ్చేసరికి రోడ్డు మీద గొర్రెలు. రెండు వందలు ఉంటాయి. తారు మీద ఈ చివరి నుంచి ఆ చివరి దాకా తలలు వంచుకుని నిలబడ్డాయి. వాటి ముందు ఐదు మోటార్‌సైకిళ్ళు, ఐదుగురు మనుషులు. డెన్మార్క్ దంపతులు ఇద్దరు, ఆస్ట్రియా అన్నదమ్ములు ఇద్దరు, ఒంటరిగా వచ్చిన పోలండ్ అమ్మాయి బోగ్నా. కాపరి ఒబ్రెన్ రాయి మీద కూర్చుని ఉల్లిపాయ ఒలుచుకుంటున్నాడు. వేరే ఊరి నుంచి గొర్రెలు కాయడానికి వచ్చినవాడు, అతని ఇంటి పండుగ డిసెంబరులో. అందుకే తీరిగ్గా ఉన్నాడు.

“ఏంటి ఒబ్రెన్ ఇది?” అన్నారు ఫాదర్ కారు దిగి.

“ఏం చెప్పను ఫాదర్, పొద్దున్నుంచీ కదలనంటున్నాయి. జార్జిగారి రోజు కదా, వాటికీ సెలవేమో.”

“కర్రతో అదిలించరాదూ?”

“పండుగ పూట కొట్టమంటారా ఫాదర్, మీరే?”

ఫాదర్ వంగి రోడ్డు మీద వేలు పెట్టారు. వేలికి అంటుకున్న తెల్లటి పలుకు ఒకటి నాలుక మీద వేసుకున్నారు. ఉప్పు. వంతెన ఆ చివరి దాకా చల్లి ఉంది. ఉప్పు అయిపోయేదాకా గొర్రె కదలదని మా ఊళ్ళో పసిపిల్లకు కూడా తెలుసు. ఫాదర్ నావైపు చూశారు. నేను వంతెన కింద నీళ్ళు చూశాను.

ఒబ్రెన్ ఉల్లిపాయతో పైకి చూపించాడు. “ఆ కంకర దారి ఖాళీగానే ఉంది. నేనేమీ పొమ్మనడం లేదు. ఉందని చెబుతున్నానంతే.”

ఐదుగురూ తెరలు చూసుకున్నారు, తలలు గోక్కున్నారు, బండ్లు తిప్పారు. వాళ్ళ దుమ్ము తింటూ మేము వెనక వెళ్ళాం. దారంతా వాళ్ళ తెరలు ‘వెనక్కి తిరుగు, వెనక్కి తిరుగు’ అని మొత్తుకున్నాయట. బోగ్నా తర్వాత చెప్పింది.

అవ్వ గేటు తెరిచి, నల్ల తలగుడ్డ కట్టుకుని, వాకిట్లో నిలబడి ఉంది. స్లావా రోజున ఇంటి యజమాని కూర్చోకూడదు. ఐదు బండ్లూ వాకిట్లో ఆగేసరికి ఆమె రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. హెల్మెట్లు, మోకాళ్ళకు కవచాలు, దుమ్ము కొట్టుకుపోయిన బూట్లు.

“పటంలో జార్జిగారు కూడా ఇలాగే ఇనుప బట్టలేసుకుని గుర్రం మీద వచ్చారు. రండి నాయనా, రండి తల్లీ. గుర్రాలు నీడన పెట్టండి.”

వాళ్ళు దాన్ని కాఫీ హోటల్ అనుకున్నారు. డెన్మార్క్ ఆయన పేరు యెప్పె. బల్ల దగ్గర కూర్చుని ధరల కాగితం కోసం వెతికాడు. అవ్వ ముందుగా తీపి గోధుమల గిన్నె అందించింది. అక్రోటు వేసి ఉడికించి నూరినది. ప్రతివాడూ సిలువ గుర్తు వేసుకుని ఒక్క చెంచా తిని గిన్నె పక్కవాడికి ఇవ్వాలి. యెప్పె గిన్నె దగ్గరికి లాక్కుని, అడుగు కనిపించేదాకా తిన్నాడు. భార్య బల్ల కింద తన్నింది. ఎందుకు తన్నిందో తెలియక ఆవిడకు కూడా ఒక చెంచా పెట్టబోయాడు.

నేను నోరు తెరిచేలోపు అవ్వ అడ్డుపడింది. “తిననీ జివాన్. పాపం, వాళ్ళ దేశంలో గోధుమలు పండవు కాబోలు.”

ఫాదర్ ప్రార్థన మొదలుపెట్టి రొట్టె చేతిలోకి తీసుకున్నారు. సరిగ్గా అప్పుడు అవ్వ రొట్టె మీద చెయ్యి పెట్టింది.

“ఆగండి ఫాదర్. వీళ్ళను మిలోయ్‌కో పంపాడా?”

ఫాదర్ అబద్ధం చెప్పరు. దూలాల వైపు చూశారు. నేను ధూపం బొగ్గులు ఊదుకున్నాను. అవ్వ కళ్ళల్లో నీళ్ళు లేవు, కోపమూ లేదు. ఆ ఒక్క జవాబు వచ్చేదాకా రొట్టె మీంచి చెయ్యి తియ్యదు. పంపిన అతిథులైతే ఈ బల్ల మళ్ళీ ఖాళీదే.

“వాళ్ళనే అడుగు అవ్వా,” అన్నారు ఫాదర్ చివరికి.

బోగ్నా భాష మా భాషకు దగ్గర. అవ్వ ఆమె వైపు తిరిగింది. “అమ్మాయ్, నిన్నిక్కడికి ఎవరు పంపారు?”

బోగ్నా కిటికీలోంచి కింద వంతెన వైపు చూపించింది. “గొర్రెలు,” అంది.

అవ్వ నిటారుగా నిలబడింది. కిటికీ దగ్గరికి వెళ్ళి, కింద దూరంగా వంతెన మీద తెల్లటి చుక్కల్ని చాలాసేపు చూసింది. ఆమెకు తెలియనిదేముంది? పదిహేనేళ్ళు తానే గొర్రెలు కాసింది.

“గొర్రెలకు పిలవడం చేతకాదు,” అంది వెనక్కి తిరిగి. “పట్టండి రొట్టె.”

రొట్టెను ఇంటివాళ్ళూ వచ్చినవాళ్ళూ ఫాదర్‌తో కలిసి పట్టుకుని చుట్టూ తిప్పాలి. ఏళ్ళ తరబడి ఆ ఇంట్లో మూడు జతల చేతులే దాన్ని తిప్పాయి. ఆ రోజు ఎనిమిది జతలు. పెట్రోలు వాసన, గొర్రెల వాసన, ధూపం. అన్నదమ్ముల్లో పెద్దవాడు తప్పువైపు తిప్పాడు, అందరం అటే తిరిగాం. దేవుడు ఏ వైపునుంచైనా చూస్తాడు. అవ్వ పాడింది. గొంతు జీరపోయినా ఆపలేదు.

సాయంత్రం ఐదు దాకా వాళ్ళు కదల్లేదు. కాల్చిన గొర్రెపిల్ల, క్యాబేజీ ఆకుల్లో చుట్టిన మాంసం, మీగడ, మళ్ళీ మాంసం. అన్నదమ్ముల్లో చిన్నవాడు పర్సు తీస్తే అవ్వ వేళ్ళ మీద చెంచాతో ఒక్కటిచ్చింది. పోయేటప్పుడు ఇనుప పెట్టెలు రొట్టెతో, మాంసంతో నింపింది. యెప్పె పెట్టెలో ఒక సీసాడు గోధుమలు కూడా పెట్టింది.

నేను మిలోయ్‌కో ఇంటికి వెళ్ళేసరికి పొద్దు వాలుతోంది. కింద పట్నం నుంచి వచ్చిన చుట్టాలతో ఇంటి నిండా జనం. ఆయన నిలబడి వడ్డిస్తున్నాడు.

“వైన్ పోయనా జివాన్?” అన్నాడు. కళ్ళు మాత్రం వేరేది అడుగుతున్నాయి.

“పొయ్యి. అవ్వ బల్ల నిండింది.”

ఆయన సీసా తీసుకుని గోడ వైపు తిరిగాడు. గ్లాసు నిండి చొక్కా చేతి మీదికి పొర్లింది.

ఇంతలో గ్వోజ్డెన్ ఫోను పట్టుకుని ఊడిపడ్డాడు. “బాబాయ్, హోటల్ వాళ్ళు అడుగుతున్నారు, ఐదుగురూ ఇంకా చేరలేదట! ఏం చేశావు?”

“నేనేం చేశాన్రా? పొద్దున్నుంచీ గుమ్మం దాటలేదు, వీళ్ళందరూ సాక్షులు. గీత గీసింది నువ్వేగా!”

మూడో ఆదివారం స్తానోయ్‌కా అవ్వ చర్చికి వచ్చింది. పటం ఇచ్చేసే మాట ఎత్తలేదు. ప్రార్థన అయ్యాక తిన్నగా మిలోయ్‌కో దగ్గరికి నడిచింది.

“వంతెన మీద ఉప్పెంత పట్టింది?”

మిలోయ్‌కో టోపీ తీసి చేతిలో నలిపాడు. “నాకేం తెలుసు అవ్వా.”

“సరే, తెలీదులే. వచ్చినవాళ్ళ ఇంటికి మనం తిరిగి వెళ్ళాలి కదా. నేను వెళ్ళకపోతే పై యేడు వాళ్ళు ఏ మొహం పెట్టుకుని నా గడప తొక్కుతారు? డెన్మార్క్‌లో వాళ్ళ ఇంటి పునీతుడు ఎవరో, పండుగ ఎప్పుడో కనుక్కో. పిలుస్తారని కూర్చోకు.”

ఆ మధ్యాహ్నం నేను వెళ్ళి చూసేసరికి మిలోయ్‌కో, గ్వోజ్డెన్ పక్కన కుర్చీ వేసుకుని, కంప్యూటర్ తెర మీద వేలితో రుద్దుతున్నాడు.

“హైవే వద్దురా, అవ్వకు కళ్ళు తిరుగుతాయి. ఇక్కడ కాస్త పక్కకు వంచు.”

“బాబాయ్, రెండు వేల కిలోమీటర్లు!”

“ఇంకొంచెం కుడికి. ఆ... చూశావా? బోగ్నా వాళ్ళ ఊరు కూడా దారిలోనే పడుతోంది.”