మాంట్రియల్ మెట్ల మీద నా ఫ్రెంచ్

మాంట్రియల్‌ని మేము చూడలేదు, కవర్ చేశాం. మా ముగ్గురిలో ప్లాన్ వేసే పని కాకినాడ అమ్మాయిది. ఆమె ఫోన్‌లో పదిహేడు చోట్ల జాబితా ఉంది, ఒక్కో చోటికీ ఇరవై నిమిషాలు. ఫోటో దిగగానే టిక్కు పెడుతుంది. ఊళ్ళోకెల్లా పెద్ద చర్చి ముందు నిలబడి లోపలికి వెళదామే అంటే, "బయట నుంచి దిగేశాం కదా, ఇంక లోపలేముంటది? కవరైపోయినట్టే" అంది. భోజనం కారులోనే. కారులో ఏడు గంటల దూరంలో మేముండే కేంబ్రిడ్జ్‌లో తెల్లారుజామున కలిపి కుక్కర్ గిన్నెతో సహా తెచ్చిన పులిహోర. ప్రపంచం తిండికోసం వచ్చే ఊళ్ళో మేం రెండు రోజులు చింతపండు అన్నమే తిన్నాం.

వాళ్ళని వెక్కిరించడానికి నాకో హక్కుందని అప్పుడు నా నమ్మకం. నాకు ఫ్రెంచ్ వచ్చు.

ముగ్గురం కేంబ్రిడ్జ్‌లో ఒక ఇంటి బేస్‌మెంట్‌లో ఉండేవాళ్ళం. చదువుకోవడానికి వచ్చి, చదువైపోయి, వేర్‌హౌస్ షిఫ్టుల్లో పడ్డాం. నా వర్క్ పర్మిట్‌కి ఏడు నెలలే మిగిలింది. ఇక్కడే ఉండిపోవడానికి కావలసిన పీఆర్‌కి పాయింట్లు చాలవు. ఫ్రెంచ్ పరీక్ష గట్టెక్కితే చాలతాయి, లేకపోతే పెట్టె సర్దుకోవాలి. అందుకని తొమ్మిది నెలలుగా ఆన్‌లైన్‌లో ఒక తెలుగు మాస్టారి దగ్గర నేర్చుకుంటున్నాను. నేర్చుకోవడమంటే మరేం లేదు. పరీక్షలో రాగల ప్రశ్నలు నలభై, వాటికి ఆయన రాసిచ్చిన జవాబులు నలభై. మీ ఇల్లు వర్ణించండి, పొరుగింటివారి మీద ఫిర్యాదు చేయండి, ఒక ప్రయాణం గురించి చెప్పండి. ఇంటర్‌లో రెసిడెన్షియల్ కాలేజీలో కెమిస్ట్రీని ఎలా మింగామో అలాగే మింగాను. ఇల్లు అంటే మూడు పడకగదులు, తోట, పిల్లి. బేస్‌మెంట్‌కి మాస్టారి దగ్గర జవాబు లేదు.

పరీక్ష వచ్చే గురువారం. లాంగ్ వీకెండ్‌కి నయాగరా అన్నవాళ్ళని మాంట్రియల్‌కి మళ్ళించింది నేనే. అసలైన ఫ్రెంచ్ వాళ్ళతో మాట్లాడితే నోరు తిరుగుతుందని నా ఎత్తు. వాళ్ళూ అడ్డు చెప్పలేదు. వచ్చిన ప్రతి చుట్టానికీ చూపించీ చూపించీ నయాగరా అంటేనే వాళ్ళకి విసుగు.

శనివారం ఒక కాఫీ షాపులో మొదలుపెట్టాను. వరుసలో నిలబడి లోలోపల మూడుసార్లు వల్లె వేసుకుని, మర్యాదవాచకాలన్నీ చేర్చి, మూడు కాఫీలు అడిగాను. కౌంటర్‌లో పిల్ల చక్కటి ఇంగ్లీషులో ఏ సైజు కావాలని అడిగింది. కాకినాడ అమ్మాయి ఫక్కున నవ్వింది. "నేను నేర్చుకున్నది పారిస్ ఫ్రెంచ్. వీళ్ళ యాస వేరు" అన్నాను. ఆడలేక మద్దెల ఓడనడం అంటే ఇదేనని నాకూ తెలుసు. ఆ తర్వాత ఇంకెవరితోనూ నోరు విప్పలేదు. దారి తెలియకపోతే ఫోన్‌నే అడిగాం.

ఆదివారం జాబితాలో పదమూడోది రంగురంగుల మెట్లు. ఆ ఊళ్ళో పాత ఇళ్ళకి మెట్లు బయటే ఉంటాయి, వంపు తిరిగిన ఇనప మెట్లు. మార్చి నెల, వాటి మీద ఇంకా మంచు పేరుకుని ఉంది. మనుషులు కాపురముండే ఇల్లని కూడా చూడకుండా కాకినాడ అమ్మాయి నీలం మెట్ల మధ్యకెక్కి, గ్లవ్స్ తీసేసి, చలికి వణుకుతూ నవ్వుతోంది. నేను ఫోటోలు తీస్తున్నాను. కారు నడిపే వరంగల్ అమ్మాయి పక్కన నిలబడి ఉంది. నేను వచ్చినప్పటినుంచీ నన్ను షిఫ్టులకి దించి తెచ్చేది ఆమే. ఆమెకీ పాయింట్లు చాలవు. ఫ్రెంచ్‌లో చేరమంటే, "నాతోని కాదే. ఇంగ్లీషుకే నాలుక మడతపడ్తది" అని నవ్వేసింది. ఆ నవ్వుకి నేను లోలోపల ఎన్నిసార్లు జాలిపడ్డానో లెక్కలేదు. జాలి అన్నది మర్యాదకి. అది చిన్నచూపు.

అప్పుడొచ్చింది ఆ ఇంటి పెద్దావిడ. డెబ్బై దాటి ఉంటాయి. రెండు చక్రాల సరుకుల బండి లాక్కుంటూ వచ్చి మెట్ల దగ్గర ఆగింది. నావైపు చూసి ఏదో అంది. నా తొమ్మిది నెలలూ ఒక్కసారిగా లేచి నిలబడ్డాయి. మేము పర్యాటకులమనీ, మీ నగరం చాలా అందంగా ఉందనీ, వాతావరణం చల్లగా ఉన్నా ఆహ్లాదకరంగా ఉందనీ ఒక్క తప్పు లేకుండా చెప్పాను. ఆవిడ నన్ను వింతగా చూసి, మళ్ళీ అదే మాట అంది, ఈసారి మెల్లగా. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. "ఉయ్, ఉయ్. మెర్సీ" అన్నాను, అవునవును, థాంక్యూ అని.

"ఏం మెర్సీయే? బండి పట్టుమంటున్నది. జర జరుగుండ్రి" అంది వరంగల్ అమ్మాయి. బండి ఒక చేత్తో ఎత్తింది, రెండో చెయ్యి ఆవిడకిచ్చింది. "పైలం అమ్మా. మంచున్నది, మెల్లగ" అంటూ ఒక్కో మెట్టూ ఎక్కించింది. ఆవిడ ఫ్రెంచ్‌లో ఏదో చెబుతోంది. ఇది "అయ్యో, అవునా" అంటోంది. ఇద్దరూ లోపలికి వెళ్ళారు. పది నిమిషాలు రాలేదు. కాకినాడ అమ్మాయి టైమైపోతోందని గోల.

వచ్చాక, "మోకాళ్ళు నొస్తున్నయట. బిడ్డ ఏడనో దూరముంటదట. చాయ్ తాగుమన్నది గని మీరున్నరని వచ్చిన" అంది.

"నీకెలా తెలిసిందే?"

"చూపిచ్చింది గద. మోకాలు పట్టుకోని చూపిచ్చింది, గోడ మీది ఫోటో చూపిచ్చింది."

చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు. నాది పోయి తొమ్మిది నెలలైంది. ఆవిడ కళ్ళముందు బరువు పట్టుకుని నిలబడితే నేను ఆవిడ నోటి వైపు చూస్తున్నాను, ఏ ప్రశ్న వస్తుందోనని.

గురువారం పరీక్షలో, మీ మిత్రులతో చేసిన ప్రయాణం గురించి చెప్పమన్నారు. మాస్టారి జవాబు సముద్రతీరం గురించి. అది వదిలేసి మాంట్రియల్ గురించి చెప్పాను. సరుకులతో వచ్చిన ఒక పెద్దావిడ సాయం అడిగిందనీ, నేను ఆమె బండి పైకి మోశాననీ, మోకాళ్ళ గురించీ కూతురి గురించీ నాతో చెప్పుకుందనీ, నేను ఓదార్చాననీ. పరీక్ష పెట్టినామె పెన్ను పక్కనపెట్టి వింది. నా గొంతు కూడా తగినచోట వణికింది. మంచి పాయింట్లు వచ్చాయి. వేసవిలో పీఆర్ వచ్చింది.

వరంగల్ అమ్మాయి పర్మిట్ అక్టోబర్‌లో అయిపోయింది. పియర్సన్ ఎయిర్‌పోర్ట్‌కి బస్సులో తోడు వెళ్ళాను, కారు ఆమె అప్పటికే అమ్మేసింది. సామాను చెక్ ఇన్ చేశాక, ఇంక దాచలేక పరీక్షలో ఏం చెప్పానో చెప్పేశాను. నాలుగు తిట్లు తిడుతుందని అనుకున్నాను. తిట్టాలనే కోరుకున్నాను.

చేతిబ్యాగు భుజానికి తగిలించుకుంది. "ఆమె చాయ్ తాగుమన్నదని గూడ చెప్పినవా?"

"లేదు. అది మరిచిపోయాను."

"చెప్తే ఇంకా మంచిగుండేదే" అని, నా భుజం తట్టి, సెక్యూరిటీ లైన్‌లోకి వెళ్ళిపోయింది.