హైడ్రోజన్ ఆటో ఎత్తు ఎక్కిన రోజు

1997 వేసవి. విశ్వవిద్యాలయ ప్రాంగణంలో, తార్నాక గేటుకు దగ్గరగా ఉన్న ఒక ప్రయోగశాలలో నేను ఇంజనీరుగా పనిచేస్తున్నాను. పెట్రోలు లేకుండా, హైడ్రోజన్‌తో ఒక ఆటోను నడపాలన్నది మా ప్రాజెక్టు. పాత ఆటో ఒకటి తెచ్చి, ఇంజను తీసేసి ఎలక్ట్రిక్ మోటారు పెట్టాం.

హైడ్రోజన్‌ను మండించేవారా అని ఇప్పటికీ అడుగుతుంటారు. మండించలేదు. ఫ్యూయల్ సెల్‌లో పల్చని మెంబ్రేన్, అంటే ప్లాస్టిక్ లాంటి పొర, ఉంటుంది. దానికి ఒక పక్క హైడ్రోజన్, మరో పక్క మామూలు గాలి పంపితే కరెంటు పుడుతుంది. బయటికి వచ్చేది నీరు మాత్రమే. ఒక్క సెల్ ఇచ్చే కరెంటు కొంచెమే కాబట్టి చాలా సెల్స్‌ను పుస్తకంలో కాగితాల్లా పేర్చి బిగిస్తాం. దాన్ని స్టాక్ అంటారు.

స్టాక్‌కు ప్రాణం ఎలక్ట్రోడ్లు. కార్బన్ కాగితం మీద ప్లాటినం పూత పూసి వాటిని తయారుచేసేది రేచల్. నల్గొండ పక్క పల్లెటూరి నుంచి వచ్చి, ఇదే ప్రాంగణంలో ఎమ్మెస్సీ చదివి, సీతాఫల్‌మండిలో ఉంటూ మా దగ్గర కాంట్రాక్టు మీద పనిచేసేది. నేను కడప నుంచి వచ్చి అప్పటికి పదేళ్లు దాటింది. సర్వీసు, దానితోపాటు ఆ సర్వీసు తెచ్చిపెట్టే పొగరు, రెండూ నాకు బాగానే ఉండేవి.

ప్రయోగశాలలో స్టాక్ బ్రహ్మాండంగా పనిచేసింది. వరసగా పెట్టిన హెడ్‌లైట్ బల్బులు దానితో గంటల తరబడి నిలకడగా వెలిగేవి. ధైర్యంగా ఆటోకు బిగించాం. మాణికేశ్వర్ నగర్‌లో ఉండే యాదగిరి అనే డ్రైవర్‌ను పరీక్షల కోసం కుదుర్చుకున్నాం. చదునైన రోడ్డు మీద బండి మెత్తగా పోయింది. హాస్టళ్ల వైపు ఎత్తు మొదలవగానే నెమ్మదించి, సగంలో ఆగిపోయింది.

"ఏంది సారూ, గ్యాసు అయిపోయిందా?" అన్నాడు యాదగిరి.

"సిలిండర్ నిండా ఉందయ్యా."

"మరి నా పాత బండే నయం. మొత్తుకుంటనన్నా ఎక్కుతుండె."

తోసుకుంటూ వెనక్కి తెచ్చి, స్టాక్ విప్పి బల్ల మీద పెడితే మళ్లీ బల్బులన్నీ వెలిగాయి. బండికి బిగిస్తే మళ్లీ అదే ఎత్తు దగ్గర ఆగిపోయింది. ఇలా మూడు సార్లు జరిగాక నేను మా విభాగాధిపతి గదికి వెళ్లాను. రేచల్ అక్కడే ఉంది, మరో ఇద్దరు సహోద్యోగులు కూడా ఉన్నారు.

"బండి కుదుపులకు ఎలక్ట్రోడ్ల పూత వదులవుతోంది సార్. పూత సరిగ్గా పడలేదు" అన్నాను.

"సార్, విప్పి సూస్తే పూత మంచిగనే ఉన్నది. లోపల నడిచేది బయట ఎందుకు నడుస్తలేదో గది సూడాలె" అంది రేచల్.

"నేను చూసే చెబుతున్నా" అన్నాను. నిజానికి చూడలేదు.

ఆయన గోడ మీద క్యాలెండర్ వైపు చూశారు. "నెలాఖరుకు రివ్యూ కమిటీ వస్తుంది. ఈ ఎత్తు ఎక్కకపోతే ప్రాజెక్టు మూసేస్తారు. రేచల్ కాంట్రాక్టు కూడా ఇక పొడిగించలేం" అన్నారు. ఆమె బయటికి వెళ్లిపోయింది. నా మాటే నెగ్గిందన్న తృప్తి తప్ప నాకు మరేమీ అనిపించలేదు. ఇప్పుడు తలచుకుంటే ఆ తృప్తికే ఎక్కువ సిగ్గుపడతాను.

రెండు రోజుల తర్వాత మధ్యాహ్నం బల్ల మీద స్టాక్ నడుస్తుండగా కరెంటు పోయింది. మాకేం ఇబ్బంది లేదు. స్టాక్‌కు గాలి పంపే బ్లోయర్ బ్యాటరీ మీద తిరుగుతోంది, బల్బులు స్టాక్ మీద వెలుగుతున్నాయి. కానీ కాసేపటికి బల్బులు మసకబారడం మొదలుపెట్టాయి. రేచల్ స్టాక్ వోల్టేజీ చూపే మీటరు వైపు చూసింది.

"సార్, గవర్నమెంటు కరెంటు పోతే మన కరెంటు ఎందుకు తగ్గుతున్నది?"

నవ్వబోయి ఆగిపోయాను. కరెంటు రాగానే బల్బులు మెల్లగా మళ్లీ పుంజుకున్నాయి. ఇద్దరం గదంతా కలియజూశాం. కరెంటుతో పాటు ఆగి, కరెంటుతో పాటు మొదలైంది ఒక్కటే. కిటికీలో కూలర్.

హైడ్రోజన్ లీకైతే ప్రమాదం కాబట్టి గదిలో కిటికీలన్నీ తెరిచి ఉంచాలి. అందుకే ఏసీ కాకుండా కూలర్ పెట్టించారు. ఎండకు తట్టుకోలేక పరీక్షల బల్లను దాని ఎదురుగా జరిపించింది నేనే. బ్లోయర్ ఇన్నాళ్లూ ఆ చల్లని తడిగాలినే పీల్చి స్టాక్‌కు పంపుతోంది. మెంబ్రేన్ తడిగా ఉంటేనే పనిచేస్తుంది. బయట మే నెల వడగాలికి అది ఎండిపోతోంది; చదునులో ఎలాగో నెట్టుకొచ్చినా, ఎత్తులో బండి అడిగినంత కరెంటు ఇవ్వలేకపోతోంది. గాలికి కూడా తడి పట్టిద్దామా అని రేచల్ మొదట్లోనే అడిగింది. హైడ్రోజన్‌ను నీళ్లలోంచి పంపుతున్నాం, అది చాలు, బండికి బరువెందుకు అని కొట్టిపారేసింది కూడా నేనే.

"క్షమించండి రేచల్. తప్పు నాది" అన్నాను.

ఆమె మీటరు మీద నుంచి చూపు తిప్పలేదు. "నాకు జెప్పుడెందుకు సార్? ఎవరి ముందర అన్నరో వాళ్ల ముందర చెప్పున్రి."

చెప్పాను. అదే గదిలో, అదే నలుగురి ముందు. విభాగాధిపతి కళ్లజోడు తీసి, "మొన్న అంత ఖాయంగా చెప్పావు కదయ్యా" అన్నారు. తలవంచుకున్నాను. "సరే, తలవంచుకుంటే బండి ఎక్కదు. ఏం చేస్తారో చేయండి" అన్నారు.

ముషీరాబాద్‌లో కూలర్లు చేసే కొట్టుకు వెళ్లి గడ్డి కావాలని అడిగాను. కూలర్ పక్కల్లో కూరే చెక్క పీచును ఇక్కడ గడ్డి అంటారు.

"ఏ సైజు కూలర్ సాబ్?"

"ఆటోకు."

"ఆటోకు కూలరా! సవారీ ఎవరు, నవాబులా?"

బ్లోయర్ ముందు చిన్న రేకు డబ్బా అమర్చి, గడ్డి కూరి, తడిపాం. గడ్డి ఆరిపోకుండా ఎలా అని నేను తల పట్టుకుంటే రేచల్ ఒక సన్నని గొట్టం తెచ్చింది. స్టాక్ నుంచి బయటికి వచ్చే నీటిని ఆ గొట్టంతో మళ్లీ గడ్డి మీదికే మళ్లించింది. బండి తనకు కావలసిన నీరు తానే తయారు చేసుకోసాగింది.

రివ్యూ రోజు ఎండ మండిపోతోంది. కమిటీ పెద్దాయన ఒకరు వెనక సీట్లో కూర్చుంటానన్నారు. ఆయన పక్కన రేచల్, యాదగిరి పక్కన ఇరుక్కుని మీటరు పట్టుకుని నేను.

"గట్టిగ పట్టుకోన్రి సార్. సప్పుడు లేదని పరేషాన్ కాకున్రి" అన్నాడు యాదగిరి.

ఎత్తు మొదలైంది. మీటరు ముల్లు కిందికి వాలింది. పాత చోటు దగ్గరికి వచ్చేసరికి నేను మీటరు మీదికి వంగాను. ముల్లు అక్కడే నిలబడింది, ఇంక వాలలేదు. బండి ఆ చోటు దాటింది. చప్పుడు లేని బండి వెనక వస్తోందని తెలియక హాస్టల్ పిల్లలు రోడ్డుకు అడ్డంగా నడుస్తున్నారు. "జరుగున్రి, జరుగున్రి!" అని యాదగిరి గొంతు చించుకున్నాడు. ముందు తుళ్లిపడిన వాళ్లే తర్వాత చప్పట్లు కొడుతూ వెంట పరిగెత్తారు. పైకి చేరాక కూడా యాదగిరి ఆపలేదు. తార్నాక గేటు దాకా పోయి, బండి తిప్పుకుని, రెండో వైపు నుంచి ఇంకోసారి ఎత్తు ఎక్కించాడు.

దిగాక పెద్దాయన పొగ గొట్టం ఉండాల్సిన చోట చేయి పెట్టి చూశారు. గడ్డికి పోగా మిగిలిన నీటితో వేళ్లు తడిశాయి. చిన్నపిల్లాడిలా ఆ చేతిని అందరికీ చూపించారు. తర్వాత, "ఎలక్ట్రోడ్లు ఎవరు చేశారు?" అని అడిగారు.

"నేనే సార్" అంది రేచల్.

"మొదట్లో ఇబ్బంది పెట్టాయని విన్నాను. కొత్తవి చేశారా?"

"లేదు సార్. అవే. ఒక్కటి గూడ మార్చలే."

ఆ మాట అన్నప్పుడు ఆమె నా వైపు చూడలేదు. చూడనవసరం లేదు. ప్రాజెక్టును పొడిగించారు, రేచల్ కాంట్రాక్టునూ పొడిగించారు. స్టాక్ బాధ్యత మొత్తం ఆమెకే అప్పజెప్పమని నేనే అడిగాను, ఆ పనిలో ఆమె చెప్పినట్టు చేశాను. ఆ తర్వాత నా సర్వీసులో ఏ యంత్రం మొరాయించినా, దాన్ని చేసినవాళ్ల గురించి నోరు తెరిచే ముందు, దానికి నేనేం చేశానో ఒకసారి వెతుక్కునేవాణ్ణి. తప్పు చాలాసార్లు అక్కడే దొరికేది.